మూసాపేటకు అమెరికా గిటారు అక్కర్లేదు

అమెరికా నుంచి ఊరికి బయల్దేరే తెలుగువాళ్ళ పెట్టెల్లోకి ఏమేం ఎక్కాలన్నది కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. కెమెరాలు పోయి ల్యాప్‌టాప్‌లు వచ్చాయి, అవి పోయి ఐఫోన్లు వచ్చాయి. ఇప్పుడు వాటిలో చాలా భాగం హైదరాబాదులోనే దొరుకుతున్నాయి కాబట్టి ఆ కోరికల చిట్టా చిక్కిపోయింది. అయినా అందులోంచి కదలని వస్తువుల్లో ఎలక్ట్రిక్ గిటారు ఒకటి. మూసాపేటలో అద్దెకుంటూ, కైతలాపూర్ వంతెన మీదుగా హైటెక్ సిటీకి వెళ్ళొచ్చే కుర్రాడు న్యూజెర్సీలో ఉన్న అన్నయ్యనో బావనో అడిగే కోరిక ఇది. దాని వెనక రెండు నమ్మకాలున్నాయి: అక్కడ చౌక, అక్కడిదే అసలైన సరుకు. మొదటిది ఒకప్పుడు నిజం, ఇప్పుడు అరకొర నిజం. రెండోది ఈ కుర్రాడు కొనగలిగే ధరలో అసలు నిజమే కాదు.

ముందు ధర సంగతి. 1954లో ఫెండర్ కంపెనీ తన ఎలక్ట్రిక్ గిటారు స్ట్రాటోకాస్టర్‌ను బజారులోకి తెచ్చినప్పుడు ట్రెమొలో (స్వరాన్ని ఊపే మీట)తో కలిపి జాబితా ధర 249 డాలర్ల 50 సెంట్లు. గిటారు పెట్టె ఖరీదు వేరే. ఇవాళ వింటే అగ్గువే అనిపిస్తుంది గానీ ఆనాటి అమెరికా ఫ్యాక్టరీ కార్మికుడికి గంటకు దొరికేది ఇంచుమించు 1.80 డాలర్లు. అంటే దాదాపు 140 గంటల కూలి, మూడున్నర వారాల కష్టం. ఇప్పుడు ఆ గంట కూలి 28 డాలర్లకు దగ్గరగా ఉంది. కాలిఫోర్నియాలోని కొరోనాలో తయారయ్యే ఫెండర్‌కు 65 గంటల పైచిలుకు పని చేయాలి, మెక్సికోలోని ఎన్సెనాడా ఫ్యాక్టరీ నుంచి వచ్చేదానికి 30 గంటలు చాలు. అదే కంపెనీవాళ్ళ చౌక బ్రాండు స్క్వయర్‌కైతే పది గంటలు. డాలర్ల అంకె పెరిగింది, గిటారు మాత్రం చౌకయింది.

దీనికి సగం కారణం ఫ్యాక్టరీల వలస. స్క్వయర్ గిటార్లు 1982లో జపాన్‌లో మొదలై కొరియాకు, అక్కడి నుంచి చైనా, ఇండోనేషియాలకు మారాయి. మిగతా సగం ఆ వాయిద్యపు పుట్టుకలోనే ఉంది. ఆ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి, ఆయనకు గిటారు వాయించడం రాదు. చెక్క పలకను కోసి, నెక్‌ను మరలతో బిగించి, తీగల కింద పికప్‌లు అమర్చితే పూర్తయ్యేలా రూపొందించాడు. అలాంటి వస్తువు యంత్రానికి ఇట్టే లొంగుతుంది. బొబ్బిలి వీణను పనస దుంగలోంచి చేత్తో తొలిచే పనివాడి కూలి పెరిగితే వీణ ధరా పెరగాల్సిందే. గిటారుకు ఆ బాధ లేదు. 1950లలో నెక్ వంపును సానపట్టేది మనిషి చెయ్యి, అందుకే ఏ రెండు నెక్‌లూ ఒకేలా ఉండేవి కావు. కంప్యూటరు నడిపే సీఎన్‌సీ యంత్రాలు వచ్చాక వెయ్యో నెక్ కూడా మొదటిదానిలాగే వస్తోంది. చౌక గిటార్లు బాగుపడింది ఇక్కడే.

మన దేశంలో కథ మరోలా నడిచింది. 1991లో గరిష్ఠ కస్టమ్స్ సుంకాన్ని 150 శాతానికి ‘తగ్గించడమే’ సంస్కరణ అనిపించుకుందంటే అంతకుముందు సంగతి ఊహించుకోవచ్చు. వినియోగ వస్తువుల దిగుమతి మీద మిగిలిన పరిమాణ ఆంక్షలు 2001 ఏప్రిల్ 1న గానీ పోలేదు. ఆ రోజుల్లో కలకత్తాలో తయారయ్యే గివ్‌సన్ వంటివి కొనుక్కోవాలి, లేదా విదేశాల నుంచి వచ్చే చుట్టాల కోసం కాచుకోవాలి. కాబట్టి అప్పుడు గిటారు మోసుకురావడం తెలివైన పనే. తర్వాత సుంకాలు దిగాయి, వాయిద్యాల మీద జీఎస్టీ కూడా 2017 నవంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గింది. న్యూజెర్సీలో అమ్మకపు పన్ను 6.625 శాతమే కనుక అక్కడ ఇప్పటికీ చౌకే, కాదనను. కానీ రెండు మూడు వందల డాలర్ల గిటారు మీద ఆ తేడా కొన్ని వేల రూపాయలు. పైగా గిటారు ధ్వనిని పెంచే ఆంప్ అమెరికాలో కొన్నదైతే చాలావరకు 120 వోల్టులది. దాన్ని మూసాపేటలో తిన్నగా ప్లగ్గులో పెడితే పొగ వస్తుంది.

ఇక ‘అసలైన సరుకు’ మాట. న్యూజెర్సీ దుకాణంలో వేలాడే స్క్వయర్‌ను వెనక్కి తిప్పి చూస్తే కనిపించేది చైనా పేరో ఇండోనేషియా పేరో. హైదరాబాదులో అమ్మేదాని మీదా అదే ఉంటుంది. మోసుకొచ్చేది అమెరికా గిటారు కాదు, అమెరికా చుట్టి వచ్చిన ఆసియా గిటారు. దీనికి పాతకాలపు అభిమానులు ఒప్పుకోరు. వెనకటి అమెరికన్ గిటార్ల ముందు ఇవి ఏపాటి, లేకపోతే 1958–60 నాటి గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ గిటార్‌లు లక్షల డాలర్లు ఎందుకు పలుకుతాయి అంటారు. అవి సరిగా అమ్ముడుపోక గిబ్సన్ ఆ నమూనానే ఆపేసింది, అందుకే తక్కువ మిగిలాయి. ఆ ధర అరుదుతనానిది. పాతవన్నీ మేలైనవే అయితే 1970ల ఫెండర్లకు అంత చెడ్డపేరు వచ్చేది కాదు. సీబీఎస్ 1965లో 1.3 కోట్ల డాలర్లకు కొన్న ఫెండర్ కంపెనీని 1985లో 1.25 కోట్లకు సొంత ఉద్యోగులకే అమ్ముకుంది. ఇరవై ఏళ్ళలో పెరిగిన ధరలను లెక్కలోకి తీసుకుంటే అది పరువు పోయిన బేరం. మంచివాటిని జనం దాచుకుంటారు, చెడ్డవాటిని పారేస్తారు. మనకు మిగిలినవాటిని చూసి ఆ కాలమంతా బంగారమే అనుకుంటున్నాం.

అంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. చౌక గిటార్లో ఎక్కడో కోత పడకుండా ఉండదు కదా అని. పడుతుంది: నట్‌లో, ట్యూనింగ్ కీలలో, స్విచ్‌లలో, ఫ్రెట్ల కొసలకు పెట్టాల్సిన నునుపులో. హైదరాబాదు ఎండాకాలానికి నెక్ చెక్క ఎండి కుదించుకుపోతే ఆ కొసలు బయటికి పొడుచుకొచ్చి వేళ్ళకు గీసుకుంటాయి. కానీ ఈ లోపాల్లో ఎక్కువ భాగం సెటప్‌తో సరిపోయేవే. ట్రస్ రాడ్ తిప్పి, నట్ గాళ్ళు సరిచేసి, తీగల ఎత్తు దించడం చెయ్యి తిరిగిన మనిషి చేసే పని, అందులో యంత్రం చేయగలిగింది కొంచెమే. న్యూజెర్సీలో సెటప్ చేయించి తెచ్చినా, వాతావరణం మారగానే ఇక్కడ మళ్ళీ చేయించక తప్పదు. విమానంలో తేవడానికయ్యే ఖర్చు ఆ పనివాడికి ఇస్తే గిటారు ఒక మెట్టు పైకెక్కుతుంది. పాలకొల్లులో పుట్టి 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసిన మాండొలిన్ శ్రీనివాస్ కూడా దొరికిన వాయిద్యాన్ని ఉన్నదున్నట్టు వాడలేదు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకుని, గమకానికి కావలసిన నిలకడను విద్యుత్తుతో రాబట్టుకున్నారు.

నా వాదనకు నిజంగా తగిలే దెబ్బ వేరే ఉంది: ఈ చౌకదనం ఎవరి కష్టం మీద వచ్చిందన్న ప్రశ్న. కొరియాలో గిటార్లు చేసే కార్ట్ కంపెనీ 2007లో ఫ్యాక్టరీ మూసి పని ఇండోనేషియాకు తరలిస్తే, రోడ్డున పడ్డ కార్మికుల పోరాటం 2019లో ఒప్పందం కుదిరేదాకా సాగింది. అమెరికాలో కొంటే ఈ పాపం అంటదనుకోవడం భ్రమ, అక్కడ అమ్మేవీ ఆ ఫ్యాక్టరీలవే. చిత్రమేమిటంటే చెక్కను అంత కచ్చితంగా కోసే విద్య మూసాపేటకు కూతవేటు దూరంలో ఉంది. బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పనిచేస్తోంది, చుట్టూ లేతు, సీఎన్‌సీ షెడ్లున్నాయి. ఫింగర్‌బోర్డుకు వాడే రోజ్‌వుడ్ మన దక్షిణాది అడవుల్లోనూ ఉంది. లేనిదల్లా ఏడాదికి లక్షల గిటార్లకు ఆర్డరిచ్చే కొనుగోలుదారు. ఆ గిరాకీ ఇండోనేషియాలోని సురబయలో కుదిరింది, బాలానగర్‌లో కుదరలేదు.

అయితే ఒక్కరికి మాత్రం ఇందులోంచి మినహాయింపు ఇస్తాను. ఎడమచేతి వాటం గిటార్లు మన దుకాణాల్లో దొరకడం కష్టం, దొరికినా ఎంచుకోవడానికి ఒకటో రెండో ఉంటాయి. తమ్ముడిది ఎడమచేతి వాటమైతే బావగారు మొహమాటపడకుండా పట్టుకురావచ్చు. ఆంప్ మాత్రం ఇక్కడే కొనుక్కోమనండి.