పిస్తోలు మీది రాత

ఉర్దూలో దువాకూ దగాకూ మధ్య ఉండేది ఒక్క నుక్తానే. ఉర్దూ మీడియంలో చదివినోళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. పాత పిస్తోలు కొనేటప్పుడు కూడా దాని మెరుపు చూడకూడదు, దాని మీది రాత చూడాల.

ప్రొద్దుటూరులో మా మామూకి బంగారం అంగడి ఉంది. జమ్మలమడుగు నుంచి రాత్రిళ్లు సరుకుతో వస్తుంటాడు. అందుకని పిస్తోలుకి లైసెన్స్ తీసుకున్నాడు. పులివెందుల వైపు ఒక పెద్దాయన దగ్గర వాల్తర్ పీపీకే ఉందని తెలిసింది. ‘బేటా, రాతలు చదివేది నీ పని కదా, నువ్వూ రా’ అన్నాడు.

1980ల్లో మామూలు జనం విదేశీ తుపాకులు తెప్పించుకోవడం బంద్ అయింది. అప్పటికే దేశంలో ఉన్నవే చేతులు మారుతున్నాయి. అందుకే వాటికి అంత కీమత్. కీమత్ ఉన్నచోట ఝూట్ కూడా ఉంటుంది.

పీపీకే అంటే సినిమాల్లో జేమ్స్‌బాండ్ చేతిలో కనిపించే చిన్న పిస్తోలు. 1930ల మొదట్లో వచ్చింది. దాని ఉమ్ర్ తెలియాలంటే స్లైడ్ మీద ఊరి పేరు చదవాల. ‘జెల్లా-మెహ్లిస్’ అని ఉంటే యుద్ధానికి ముందుదో, యుద్ధకాలందో. యుద్ధం తర్వాత ఆ ఊరు తూర్పు జర్మనీలోకి పోయింది, కంపెనీ ఉల్మ్‌లో మళ్లీ నిలబడింది. కాబట్టి ‘ఉల్మ్’ అని ఉంటే తర్వాతి తరం. ‘మాన్యురిన్’ అని ఉంటే యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో లైసెన్స్ మీద చేసింది. అక్షరాలు వంకరగా ఉన్నా, స్పెల్లింగ్ తప్పున్నా అది నాటు నకలు కావచ్చు. ఇంకో మాట. లైసెన్స్‌లో ‘.32’ అని, గొట్టం మీద ‘7.65’ అని ఉంటే ఘాబరా పడొద్దు, రెండూ ఒకటే.

పెద్దాయన చూపించింది ఉల్మ్‌దే. లోహం నల్లగా నిగనిగలాడుతోంది. మామూ కళ్లలో షౌక్ కనిపించింది. నేను నంబర్ చూశాను. లైసెన్స్ పుస్తకంలో 3 ఉన్నచోట ఫ్రేమ్ మీద 8 ఉంది. ఆ అంకె చుట్టూ ఆకురాయితో గీకిన జాడ.

ఆయుధాల చట్టం 1959లో 8వ సెక్షన్ ఉంది. నంబర్ చెరిపేసినా, మార్చినా, ఆ తుపాకీ ఎవరి దగ్గరుంటే వాళ్లే ఆ పని చేశారని కోర్టు అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే. ఇంకొకటి, సొంత తుపాకీ అమ్మేవాడు కలెక్టర్‌కో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా చెప్పి, 45 రోజులు ఆగాల. పెద్దాయన ఆ ఖత్ రాయలేదు. ‘మా మాట మీద నమ్మకం లేదా?’ అని ముఖం చిట్లించాడు.

మా సీమలో మాటకి ఇజ్జత్ ఎక్కువ. అయినా ఫ్యాక్షన్ కేసుల వార్తలు రాసీ రాసీ నాకొకటి అర్థమైంది. ఇక్కడ ఏ ఇనుము ఏ ఖూన్ చూసిందో ఎవరికీ తెలియదు. దాని గతం తెలియకుండా కొంటే ఆ గతం మన పేరు మీదికి వస్తుంది.

మామూ ఇచ్చిన బయానా తిరిగి అడగలేదు. సలాం చెప్పి లేచొచ్చేశాడు. ఇప్పుడు సరుకుంటే మగ్రిబ్ అజాన్‌కి ముందే ప్రొద్దుటూరు చేరుకుంటున్నాడు.