హౌస్‌ఫుల్ బోర్డు ఎవరు పెట్టాలి?

'తొక్కిసలాట' అనే మాట మీద నాకు కొన్నాళ్ళుగా పెద్ద అభ్యంతరం ఉంది. పేపర్లో ఆ మాట కనపడగానే మన బుర్రలోకి ఏం బొమ్మ వస్తుంది? ఒళ్ళు తెలియకుండా పరిగెడుతున్న జనం, కిందపడ్డవాళ్ళని తొక్కుకుంటూ పోవడం.. అంతే కదా? అంటే తొక్కినవాళ్ళూ జనమే, పోయినవాళ్ళూ జనమే. మూడోవాడు ఎవడూ లేడు. ఎంత హాయైన మాటో చూడండి! (ఆ మూడోవాడికి.)

2024 డిసెంబర్ నుంచి ఈ మాట చదివీ చదివీ విసుగొచ్చేసింది. డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య థియేటర్, పుష్ప 2 ప్రీమియర్. ముప్పై అయిదేళ్ళావిడ చనిపోయింది, ఆవిడ కొడుకు నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది. సెప్టెంబర్ 27న తమిళనాడు కరూర్‌లో విజయ్ సభలో 41 మంది. మధ్యలో తిరుపతి, కుంభమేళా, ఢిల్లీ రైల్వే స్టేషన్, నవంబర్‌లో మన కాశీబుగ్గ. గుళ్ళూ, పండగల సంగతి వేరే కథ, దాని గురించి రాయాలంటే ఇంకో రోజు పడుతుంది. ప్రస్తుతానికి నాకు కాస్తో కూస్తో తెలిసిన సినిమా, క్రికెట్ వరకే మాట్లాడతా.

ప్రతిసారీ వినపడే డైలాగు ఒకటే. "పిచ్చి జనం.. అంత అవసరమా?" సంధ్య దగ్గర జరిగినప్పుడైతే ఇంకో అడుగు ముందుకేసి, "పిల్లల్ని వేసుకుని అర్ధరాత్రి సినిమాకెందుకు వెళ్ళాలి?" అన్నారు. ఒళ్ళు మండింది. వాళ్ళేం గోడ దూకలేదండీ. డబ్బులు పెట్టి టికెట్లు కొనుక్కుని, కుటుంబంతో సినిమాకెళ్ళారు. ఆ షోకి ఉన్న రేటు మీద ఇంకో 800 రూపాయలు పెంచుకోవచ్చని ప్రభుత్వమే పర్మిషన్ ఇచ్చింది. అంత డబ్బు తీసుకున్నవాళ్ళకి, ఆ మనిషి రోడ్డు మీంచి సీటు దాకా ప్రాణాలతో చేరేలా చూసే బాధ్యత ఉండదా? కేసు కోర్టులో ఉంది, తప్పెవరిదో వాళ్ళు తేలుస్తారు. నేను మాట్లాడేది సినిమా కెళ్ళినావిడనే తప్పుపట్టే మన నోళ్ళ గురించి.

(నేను ఏ హీరో ఫ్యానో మాత్రం చెప్పను. చెప్తే సగం మంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు, మిగతా సగం అందుకే చదువుతారు.)

సరే, అసలు విషయానికొద్దాం. ఇలాంటిచోట్ల మనుషులు ఎలా చనిపోతారు? నేను కూర్చుని చదివాక నాకు బాగా పట్టేసిన విషయం ఏంటంటే, చాలామంది కాళ్ళకింద పడి కాదు, నిలబడే చనిపోతారు. ఊపిరాడక. ఒక చదరపు మీటరు జాగా ఊహించుకోండి, క్యారమ్ బోర్డు కంటే కాస్త పెద్దది. అందులో నలుగురు ఉంటే ఇబ్బందే కానీ ఎవరి కాళ్ళు వాళ్ళ మాట వింటాయి. ఆరేడుగురు అయ్యారంటే ఇక మీరు మనిషి కాదు, నీళ్ళలో ఓ చుక్క. వెనకాల ఎక్కడో ఎవరో తూలితే ఆ ఊపు అలలాగా ముందుకొస్తుంది. కాళ్ళు నేల మీంచి లేచిపోతాయి. ఛాతీ విచ్చుకోడానికి జాగా ఉండదు. గాలి చుట్టూ ఉంటుంది, లోపలికి మాత్రం పోదు.

ఇంకో దారుణం ఏంటంటే, వెనకున్నవాడికి ఇదేం తెలీదు. వాడికి కనపడేది ముందువాడి వీపు, ఫోన్లు పట్టుకున్న చేతులు. ముందు గేటు వేసేసి ఉందనీ, అక్కడ ఎవరో నలిగిపోతున్నారనీ వాడికి చెప్పే దారి లేదు. లైను కదలట్లేదు కాబట్టి ఇంకాస్త ముందుకి జరుగుతాడు. వాడు దుర్మార్గుడు కాదు, తొక్కుతున్నవాడూ కాదు. వాడి దగ్గర సమాచారం లేదు, అంతే.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. సర్వర్ జవాబివ్వకపోతే యూజరు ఏం చేస్తాడు? రిఫ్రెష్ కొడతాడు. అందరూ కొడతారు. అప్పటికే కుంటుతున్న సర్వరు పూర్తిగా కూలబడుతుంది. మా ఆఫీసులో పెద్ద సేల్ ఉందంటే నెల ముందునుంచే ఇదే గొడవ. ఎంతమంది రావచ్చు, దానికి మూడింతలు వస్తే ఏంటి, ఎక్కడ ఆపాలి, ఆపినవాళ్ళకి 'మీ ముందు ఇంతమంది ఉన్నారు' అని ఎలా చూపించాలి. ఇంత చేసినా ఒక్కోసారి పడిపోతుంది. అప్పుడు మర్నాడు పొద్దున్న మీటింగులో "యూజర్లు పిచ్చోళ్ళండీ, ఎగబడిపోయారు" అని చెప్పి చూడండి. మా మేనేజరు ముందు నా వంక చూస్తాడు, తర్వాత నా అప్రైజల్ వంక చూస్తాడు. చొక్కాలూ, ఇయర్‌ఫోన్లూ అమ్ముకునే చోటే ఆ సాకు చెల్లదు. మనుషులు చనిపోయినచోట ఎలా చెల్లుతోంది?

చిన్నస్వామి సంగతే చూడండి. నేనుండేది బెంగళూరులోనే. 2025 జూన్ 3 రాత్రి అహ్మదాబాద్‌లో పంజాబ్ మీద ఆరు పరుగుల తేడాతో ఆర్సీబీ గెలిచింది. పద్దెనిమిదో సీజన్లో మొదటి కప్పు. 'ఈ సాలా కప్ నమ్దే' అని ఏటా అనుకుని ఏటా జోకైపోయిన జనం వాళ్ళు. ఆ రాత్రి మా వీధిలో తెల్లారేదాకా హారన్లు ఆగలేదు. మర్నాడు ఎంతమంది వస్తారో ఊహించడానికి ఐఐటీ సీటు రావక్కర్లేదు. స్టేడియంలో పట్టేది సుమారు 35 వేల మంది. వచ్చింది రెండు మూడు లక్షలని ముఖ్యమంత్రే చెప్పారు. ఊరేగింపు లేదని మధ్యాహ్నానికి పోలీసులన్నారు. కాసేపటికి, ఉందని టీము వాళ్ళు ప్రకటించారు. పాసులు ఉచితం అన్నారు. మా టీములో ముగ్గురు లాప్‌టాప్ మూసేసి మెట్రో ఎక్కారు, జనాన్ని చూసి భయపడి వెనక్కొచ్చేశారు. అదృష్టం.

చిన్న లెక్క చేద్దాం. స్టేడియాల భద్రత మీద బ్రిటన్ వాళ్ళకి 'గ్రీన్ గైడ్' అని ఓ పుస్తకం ఉంది. దాని ప్రకారం ఒక టర్న్‌స్టైల్ గుండా గంటకి 660 మందికి మించి వెళ్తారని లెక్క వెయ్యకూడదు. అంటే 35 వేల మందిని ఒక గంటలో లోపలికి పంపాలంటే 54 దారులు కావాలి. అదీ అందరి దగ్గరా టికెట్టు ఉండి, అందరూ బుద్ధిగా వస్తే. మరి మిగతా రెండు లక్షల మంది ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్న ముందు రోజు రాత్రి ఎవరో ఒకరు అడిగుండాల్సింది. అడిగి, జవాబు లేదని తెలిశాక, 'ఇవాళ కాదు, ఆదివారం పెట్టుకుందాం' అనుండాల్సింది. పైగా అంతకుముందు ఏడాదే, 2024 జూలై 4న టీ20 ప్రపంచకప్ ఊరేగింపుకి ముంబై మెరైన్ డ్రైవ్‌లో లక్షల మంది వస్తే ఏమైందో అందరం టీవీలో చూశాం. ప్రాణాలు పోలేదు కాబట్టి 'సూపర్ సక్సెస్' అనేసుకున్నాం. ఊపిరాడక ఆస్పత్రికెళ్ళినవాళ్ళు ఆ వీడియోల్లో కనపడరు కదా.

ఇదంతా మన దేశం రోగం అని మాత్రం అనకండి. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండు షెఫీల్డ్‌లో హిల్స్‌బరో స్టేడియం, ఫుట్‌బాల్ సెమీఫైనల్. లివర్‌పూల్ అభిమానులు 97 మంది పోయారు. తాగొచ్చారు, గేట్లు బద్దలుకొట్టారు అని పోలీసులూ, కొన్ని పేపర్లూ కథలల్లాయి. తప్పు అభిమానులది కాదు, వాళ్ళవి అన్యాయంగా తీసిన ప్రాణాలు అని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది. ఇరవై ఏడేళ్ళు! ఆ కుటుంబాలు అన్నేళ్ళూ 'మావాడు తాగుబోతు కాదు' అని చెప్పుకుంటూ బతికాయి. 2022 అక్టోబర్ 29న సియోల్‌లోని ఇటేవాన్ సందులో 159 మంది పోయినప్పుడు, మూడున్నర గంటల ముందే ఎవరో పోలీసులకి ఫోన్ చేసి ఇక్కడ నలిగిపోయేలా ఉన్నాం అని చెప్పారు. అంటే ముందున్నవాడికి తెలుసు. వినాల్సినవాడు వినలేదు.

ఇప్పుడు మా ఊరి థియేటర్ గురించి చెప్పాలి. నా చిన్నప్పుడు టికెట్ కౌంటరు దగ్గర రెండు గోడల మధ్య సొరంగంలా ఉండేది క్యూ, పైన ఇనప చువ్వలు. ఒక మనిషి పట్టేంత వెడల్పు. ఆడవాళ్ళకి వేరే. లోపల చెమట, బీడీ వాసన, భుజాల మీదెక్కి పాకే వీరులు. ఏమంత గొప్ప ఏర్పాటేం కాదు, అందులో ఇరుక్కున్న ప్రతివాడూ థియేటర్ ఓనర్ని తిట్టుకున్నవాడే. కానీ ఆ ఓనరుకి ఒక సంగతి ఖాయంగా తెలుసు. నేలెంత, బెంచీ ఎంత, కుర్చీ ఎంత. ఆ నంబరు అయిపోగానే బుకింగ్ మూసేసి, ఒక మనిషి హౌస్‌ఫుల్ బోర్డు మోసుకొచ్చి రోడ్డు మీద, గేటు బయట పెట్టేవాడు. సైకిలు మీద వచ్చేవాడికి మలుపు దగ్గరే కనపడేది. వాడు ఓ బూతు తిట్టుకుని పక్క థియేటర్‌కి తిప్పుకునేవాడు.

నేను సీరియస్‌గానే అంటున్నా, ఆ బోర్డే మనకిప్పుడు లేనిది. నిండిపోయింది అన్న కబురు గేటు దగ్గర కాదు, మలుపు దగ్గరే తెలియాలి. ఇప్పుడైతే అందరి జేబులో ఫోనుంది, మెట్రోలో మైకుంది. చిన్నస్వామి నిండగానే, ఇక రావద్దని నగరంలో ప్రతి ఫోనుకీ మెసేజ్ కొట్టడం ఎంతసేపు పని? కానీ కొట్టరు. ఎందుకంటే మన సినిమావాళ్ళకీ, క్రికెట్‌వాళ్ళకీ, రాజకీయాలవాళ్ళకీ బయట పోగయ్యే జనం సమస్య కాదు, పబ్లిసిటీ. హౌస్‌ఫుల్ అని చెప్తే డ్రోన్ షాట్ పాడైపోతుంది! కరూర్‌లో జనం పొద్దున్నుంచీ ఎండలో ఎదురుచూశారు, నాయకుడు వచ్చేసరికి సాయంత్రమైంది. అంతసేపూ జనం పెరుగుతూనే ఉన్నారు, ఎవరూ బోర్డు పెట్టలేదు.

సంధ్య తర్వాత ఏం చేశామో కూడా చూడండి. ఇక బెనిఫిట్ షోలు ఉండవని తెలంగాణ ముఖ్యమంత్రి అసెంబ్లీలోనే అన్నారు. నెల తిరక్కుండా సంక్రాంతి సినిమాకి తెల్లవారుజాము షోకి పర్మిషన్ వచ్చింది, హైకోర్టు అడిగాక వెనక్కి తీసుకున్నారు. సెప్టెంబర్ కల్లా మళ్ళీ ప్రీమియర్లు, మళ్ళీ పెంచిన రేట్లు. గొడవంతా షో ఎన్నింటికి, టికెట్ ఎంతకి అన్నదాని మీదే. గేటు బయట ఎంతమందిని నిలబడనివ్వాలి, హీరో వస్తే ఏ దారిన రావాలి, పరిస్థితి చెయ్యిదాటితే షో ఆపే అధికారం ఎవరిది.. ఈ మూడింటి మీద ఎంత చర్చ జరిగిందో మీకే తెలుసు.

"అయితే జనానికి ఏ బాధ్యతా లేదా?" అంటారేమో. ఉంది. గేటెక్కినవాడిది తప్పే, చెట్టెక్కినవాడిది తప్పే. వాణ్ణి పట్టుకుని కేసు పెట్టండి. కానీ లక్ష మందిలో కొందరు అలా ఉంటారని ముందే తెలుసు కదా, దానికి తగ్గట్టు కట్టుకోవాలి. పిలిచినవాడికి లెక్క తెలియాలి, వచ్చినవాడికి అక్కర్లేదు. పెళ్ళికి పిలిచి, భోజనాలు చాలకపోతే చుట్టాలది తిండిపోతుతనం అని ఏ ఆడపిల్ల తండ్రీ అనడు.

దీనివల్ల బెంగళూరు పోగొట్టుకున్నది ఇంకోటుంది. 2025 మహిళల ప్రపంచకప్ మ్యాచులు చిన్నస్వామిలోనే జరగాల్సింది, మొదటి మ్యాచ్‌తో సహా. జూన్ 4 తర్వాత మొదటి మ్యాచ్‌ని గువాహటికి, మిగతావాటిలో చాలావాటిని నవీ ముంబైకి మార్చేశారు. నవంబర్ 2న అక్కడే మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాని 52 పరుగులతో ఓడించి కప్పెత్తారు. షెఫాలీ 87, దీప్తికి అయిదు వికెట్లు, మన కడప అమ్మాయి శ్రీచరణి కూడా ఆ టీములోనే. నేను ఇంట్లో సోఫాలో కూర్చుని అరిచా. అదే మా ఊళ్ళో అయ్యుంటే వెళ్ళేవాణ్ణే, ఎంత దూరం క్యూలో ఉండాల్సొచ్చినా.

చివరగా, మీకెప్పుడైనా అవసరపడొచ్చని కొన్ని ముక్కలు. ఒత్తిడి పెరుగుతోంది అనిపిస్తే బాక్సర్‌లాగా రెండు చేతులూ ఛాతీ ముందుకి తెచ్చి పెట్టుకోండి, ఊపిరికి ఆ కాస్త జాగా చాలు. చెప్పు ఊడినా, ఫోను పడినా వంగొద్దు. గోడలకీ, బారికేడ్లకీ దూరంగా ఉండండి. తోపుకి ఎదురెళ్ళకుండా, ఊపు తగ్గినప్పుడల్లా ఏటవాలుగా పక్కకి జరగండి. పిల్లలుంటే భుజాల మీదకెత్తుకోండి. మీ చుట్టూ మనుషులు తగులుతూనే ఉన్నారు, చేతులు ఆడట్లేదు అనిపించిన క్షణమే బయటికొచ్చేయండి, హీరో రెండు నిమిషాల్లో వస్తాడని మైకులో చెప్తున్నా సరే.