ఒంటి సీటు... నాయీవాలా గల్లీ

ఢిల్లీ రాజీవ్‌చౌక్‌లో ద్వారక వైపు వెళ్లే మెట్రో ఎక్కితే, ఝండేవాలాన్ దాటగానే కిటికీలోంచి 108 అడుగుల హనుమంతుడు కనిపిస్తాడు. ఆయనకో దండం పెట్టుకునేలోపు కరోల్‌బాగ్ వచ్చేస్తుంది. చీరలకీ నగలకీ వచ్చినవాళ్లు ఓవైపు వెళ్తే, బుల్లెట్ పిచ్చి ఉన్నవాళ్లు నాయీవాలా గల్లీకి తిరుగుతారు. సైలెన్సర్లు, ట్యాంకులు, లద్దాఖ్ వెళ్లేవాళ్లకు సామాన్ల క్యారియర్లు... బండి తప్ప ఇంకో మాట వినపడదక్కడ. సోమవారం మాత్రం వెళ్లకండి, బజారుకి సెలవు.

ఆ గల్లీలో కుర్రాళ్ల కళ్లన్నీ స్ప్రింగుల మీద నిలబడే ఒంటి సీటు మీదే. ఇప్పుడది ముచ్చటేగానీ ఒకప్పుడు అవసరం. హార్లే డేవిడ్‌సన్ పెద్ద బండ్లకు 1958 వరకూ వెనక షాక్ అబ్జార్బర్లే లేవు. నడుము కాపాడాల్సింది సీటు కింది స్ప్రింగే! మన దగ్గర 2009లో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ ఇలాంటి సీటుతో వచ్చాక మోజు బాగా పెరిగింది.

పాత థండర్‌బర్డ్‌కి అది బిగించాలంటే? చూడ్డానికి తేలికే. పాత సీటు తీసి, ట్యాంకు వెనక ఫ్రేముకి ఓ మడత బందు బిగించాలి. సీటు ముక్కు దాని మీద కిందికీ పైకీ ఆడుతుంది. వెనక రెండు స్ప్రింగులకు ఓ పట్టీ. అసలు తంటా ఆ తర్వాతే. ఇన్నాళ్లూ సీటు చాటున దాగిన వైర్లు బయటపడతాయి. స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు వాటిని నలిపినా, మడ్‌గార్డుకి తగిలినా ప్రమాదమే. అందుకే పనితెలిసిన మేస్త్రీ యజమానినే ఎక్కి గట్టిగా కూర్చోమంటాడు. బరువుకి తగ్గ స్ప్రింగు కావాలి మరి. మరీ మెత్తనైతే గుంతలో అడుగంటుతుంది, గట్టిదైతే వెన్ను విరుస్తుంది. వెల్డింగ్ చేస్తామంటే ఒప్పుకోకుండా బోల్టులతోనే కానిమ్మనడం మేలు. ఆ దడదడకి నట్లు వదులవుతాయి కాబట్టి వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించుకోవాలి.

ఇంకో చిక్కుంది. ఆర్‌సీలో సీట్ల సంఖ్య రెండని ఉంటుంది. అందులోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షన్. ముందే రవాణా కార్యాలయంలో అడిగితే తర్వాత చలానాల బాధ ఉండదు. ఈ సంగతి దుకాణంలో ఎవరూ ఎత్తరు!

భార్యాభర్తలు కలిసి వస్తే మాత్రం చట్టం కంటే ముందు ఇంకో ప్రశ్న వస్తుంది.

''మరి నేనెక్కడ కూర్చోవాలండీ?''

ఆయన మేస్త్రీ వైపు చూస్తాడు. మేస్త్రీ పానా వైపు చూస్తాడు. వెనక మడ్‌గార్డు మీద ఇంకో చిన్న సీటు వేయొచ్చని నసుగుతారిద్దరూ. ఆవిడ దాన్ని వేళ్లతో నొక్కి చూస్తుంది. అరచేయంత వెడల్పు, పట్టుకోవడానికి పిడి లేదు.

సాయంత్రానికి పని పూర్తవుతుంది. ఆయన కొత్త సీటు మీద రెండుసార్లు ఊగి చూసుకుని, దుమ్ము రేపుకుంటూ వెళ్తాడు. పాత కాగితాల్లో చుట్టిన రెండు మనుషుల సీటు ఒళ్లో పెట్టుకుని ఆవిడ ఆటో ఎక్కుతుంది.