గ్రహాల చోటును తేల్చే వాయువు

శాన్ పెడ్రో డి అటకామా ఊరు దాటగానే పచ్చదనం మాయమైంది. ఎర్రమట్టి కొండల మీదుగా మా బస్సు ఆల్మా రేడియో అబ్జర్వేటరీ దిగువ కేంద్రానికి చేరింది. చిలీ ఎడారిలో, సముద్రమట్టానికి 2,900 మీటర్ల ఎత్తున ఉన్న చోటు అది. ఆల్మాకున్న 66 యాంటెన్నాలు పనిచేసేది ఇంకా పైన, 5,000 మీటర్ల ఎత్తులోని చజ్నంతోర్ పీఠభూమి మీద. సందర్శకులను అక్కడికి పంపరు. అక్కడి గాలి మనిషికి చాలదు, కానీ తేమ లేని ఆ పలుచని గాలి గుండానే మిల్లీమీటరు తరంగాలు నేలకు చేరతాయి.

కంట్రోల్ రూమ్ చూశాం. యాంటెన్నాలను కిందికీ పైకీ మోసే 28 చక్రాల వాహనాల గురించి విన్నాం. ఒక్కో యాంటెన్నా బరువు దాదాపు వంద టన్నులు.

నా మనసంతా 2014లో ఆల్మా తీసిన హెచ్‌ఎల్ టౌ చిత్రం మీదే ఉంది. 450 కాంతి సంవత్సరాల దూరంలోని పసి నక్షత్రం, దాని చుట్టూ ధూళి డిస్క్, అందులో నల్లని వలయాలు. అవి గ్రహాలు తొలిచిన దారులన్నది బలమైన వివరణ. ఆ చిత్రంలో కనబడేది ధూళి. డిస్క్‌లో ఎక్కువ భాగం మాత్రం వాయువే, గ్రహాల నడకను మార్చేదీ అదే.

వాయువుకు తన పీడనమే కొంత దన్ను. అందుకే నక్షత్రం చుట్టూ కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. రాయికి ఆ దన్ను లేదు, అది వేగంగా తిరగాల్సిందే. దాంతో సైకిల్ తొక్కేవాడికిలా దానికి ఎప్పుడూ ఎదురుగాలే. వేగం కోల్పోయి లోపలికి జారుతుంది. భూమి ఉన్నంత దూరంలో మీటరు సైజు రాయి సుమారు వందేళ్లలోనే నక్షత్రంలో పడిపోగలదని 1977లో స్టూవర్ట్ వైడెన్‌షిలింగ్ లెక్కలు చూపాయి.

గ్రహం పెరిగాక ఎదురుగాలి లెక్కలోకి రాదు. దాని ఆకర్షణే వాయువులో సర్పిలాకార అలలు లేపుతుంది. లోపలి అల గ్రహాన్ని ముందుకు తోస్తుంది, బయటి అల వెనక్కి లాగుతుంది. చాలాసార్లు వెనక్కి లాగేదే గెలుస్తుంది. ఈ లెక్కకు పునాది వేసింది పీటర్ గోల్డ్‌రైక్, స్కాట్ ట్రెమైన్, 1979-80లలో. భూమంత గ్రహం కొన్ని లక్షల ఏళ్లలోనే నక్షత్రం దాకా జారిపోగలదు. డిస్క్ ఆయుష్షు అంతకంటే ఎక్కువ, కొన్ని పదుల లక్షల ఏళ్లు. అందుకే గ్రహాలు ఎలా మిగిలాయన్నదే ఈ శాస్త్రంలో పెద్ద ప్రశ్న. గ్రహం పక్కనే వాయువు వేడి, సాంద్రత మారే చోట్ల ఈ జారుడు ఆగవచ్చు, దిశ కూడా మార్చుకోవచ్చు.

1995లో కనుగొన్న 51 పెగసి బి గ్రహం గురుగ్రహంలాంటి భారీది, అయినా నక్షత్రాన్ని 4.2 రోజుల్లోనే చుట్టేస్తుంది. అంత దగ్గర అంత పెద్ద గ్రహం పుట్టడం కష్టం. దూరంగా పుట్టి, వాయువులో జరుగుతూ వచ్చి ఉంటుందన్న ఊహకు అది బలమిచ్చింది. పీడీఎస్ 70 అనే పసి నక్షత్రం దగ్గరున్న రెండు పసి గ్రహాల్లో బయటిది ఒక చుట్టు తిరిగేలోపు లోపలిది దాదాపు రెండు చుట్లు తిరుగుతుంది. వాయువు గ్రహాలను దగ్గరకు జరిపినప్పుడు సాధారణంగా కుదిరే లయ ఇది.

ఇప్పుడు ఆల్మా ఆ వాయువు వేగాన్నే కొలుస్తోంది. ఎక్సోఆల్మా ప్రాజెక్టులో 15 డిస్క్‌లలోని కార్బన్ మోనాక్సైడ్ నుంచి వచ్చే తరంగాలను పరిశీలించి, ప్రవాహం ఎక్కడ తడబడిందో వెతికారు. తడబాటు ఉన్న చోట కంటికి కనబడని గ్రహం ఉండవచ్చు. గ్రహం వాయువును కలవరపెడుతుంది, వాయువు గ్రహాన్ని జరుపుతుంది. మన సౌర కుటుంబంలో ఆ వాయువు ఎప్పుడో పోయింది, అప్పటి ఈ లావాదేవీలో మిగిలినవే మన గ్రహాల కక్ష్యలు. భూమి ఇక్కడే ఎందుకుందని అడిగేవారు ఆ వాయువును లెక్కలోకి తీసుకోక తప్పదు.