నూనెకి నూనె పడని చోట

ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేసేవాణ్ని ఎవరినైనా అడగండి, మా బతుకంతా నూనెకీ నీళ్లకీ ఉన్న తగాదా మీదే నడుస్తుందని చెప్తాడు. ప్లేటు మీద బొమ్మ ఉన్నచోట ఇంకు పట్టాలి, లేనిచోట నీళ్లు పట్టాలి. నీళ్లు తగ్గితే కాగితమంతా మసకేస్తుంది. ఎక్కువైతే రంగు పాలిపోతుంది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మందుల డబ్బాలు, బిస్కెట్ డబ్బాలు అచ్చేసే ప్రెస్సులో ఇరవై రెండేళ్లుగా నేను తీరుస్తున్న పంచాయితీ ఇదే.

దీన్ని మొదలుపెట్టినాయన జర్మనీ మనిషి, పేరు అలోయిస్ సెనెఫెల్డర్. నాటకాలు రాసుకునేవాడు. వాటిని అచ్చేయించుకునే డబ్బుల్లేక, 1796 ప్రాంతంలో మ్యూనిక్‌లో సున్నపురాయి మీద జిడ్డు సిరాతో రాసి చూశాడు. రాయి పోయి జింకు వచ్చింది, జింకు పోయి అల్యూమినియం వచ్చింది. సూత్రం మాత్రం మారలేదు.

ఇదంతా నాకు బాగా తెలుసు కాబట్టే, ఇంటర్ సెకండియర్ చదివే మా అమ్మాయి ఒక రాత్రి అన్నం తింటూ "నాన్నా, నూనెకి నూనె కూడా పడదా?" అని అడిగితే నవ్వాను. ఎందుకు పడదు, నూనె నూనెలో కలిసిపోతుంది కదా! అది ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించింది. నీళ్లు సుడి తిరుగుతున్నట్టు గీతలు, వాటి లోపల్నుంచి వెలుగు వస్తున్నట్టు రంగులు. పేరు 'వర్ల్‌పూల్', 1963 నాటిది. "ఎన్ని ప్లేట్లు?" అన్నాను. ప్రెస్సు వాడికి మొదట వచ్చే ప్రశ్న అదే. మాకు నాలుగు రంగులంటే నాలుగు ప్లేట్లు. వెంట్రుకవాసి పక్కకి జరిగితే రిజిస్టర్ తప్పినట్టే, షీట్లన్నీ చెత్తలోకే.

"ఒకటే" అంది.

ఆ బొమ్మ వేసినాయన కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని, మద్రాసు కళాక్షేత్రలో బొమ్మల పాఠాలు చెప్పి, లండన్ వెళ్లి హెన్రీ మూర్ దగ్గర శిల్పం చదివారు. ఆ తర్వాత పారిస్. అక్కడ స్టాన్లీ హేటర్ నడిపే అటెలియే 17 అనే అచ్చుబొమ్మల పనిశాలలో చేరి, చివరికి దాన్ని నడిపేవాళ్లలో ఒకరయ్యారు. 1972లో పద్మశ్రీ. తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు. 2018లో అక్కడే పోయారు. తెలుగు గడ్డ మీద పుట్టిన మనిషి రంగుల అచ్చులో ప్రపంచానికి కొత్త దారి చూపిస్తే, ఇన్నేళ్లు ప్రెస్సుల్లో తిరిగిన నా చెవిన ఒక్కసారీ ఆ పేరు పడలేదు. మా దగ్గర హీరోల క్యాలెండర్లు వేలాడతాయి మరి.

ఇంతకీ కిటుకు ఏమిటంటే, రాగి రేకో జింకు రేకో తీసుకుని దాన్ని శిల్పంలా ఎత్తుపల్లాలుగా చెక్కుతారు. ఒక ఇంకులో అవిసె నూనె ఎక్కువ కలిపి పల్చగా చేస్తారు, ఇంకోదాన్ని గట్టిగా ఉంచుతారు. గట్టి రోలరు ఎత్తుల్ని మాత్రమే తాకుతుంది, అది పల్చటి ఇంకు పూసి పోతుంది. తర్వాత మెత్తటి రోలరు గట్టి ఇంకుతో వస్తుంది. మెత్తది కాబట్టి పల్లాల్లోకీ దిగుతుంది. మరి ఎత్తుల మీద? అక్కడున్న పల్చటి ఇంకు గట్టి ఇంకుని రానివ్వదు! అంటే నూనె ఎక్కువున్నది తక్కువున్నదాన్ని తోసేస్తుంది. అన్ని రంగులూ ఒకే రేకు మీద, కాగితం మీదికి ఒకేసారి. రిజిస్టర్ తప్పే సమస్యే లేదు.

నమ్మకం కుదరక ఆదివారం చేసి చూశాం. అల్యూమినియం రేకు మీద అట్టముక్కని చేప ఆకారంలో కోసి అతికించి, వార్నిష్ కొట్టాం. గట్టి రోలరు కావాలి, చపాతీ కర్ర దొరికింది. మెత్తటిదానికి ఉప్పల్‌లో పెయింట్ల షాపు నుంచి స్పాంజి రోలరు. పసుపులో అవిసె నూనె కలిపి కర్రతో దొర్లించాను, మీదినుంచి పిల్ల నీలం దొర్లించింది. కాగితం వేసి గరిట వెనకవైపుతో రుద్ది తీస్తే పసుపు చేప, చుట్టూ నీలం నీళ్లు. తోక దగ్గర మాత్రం రెండూ కలిసి పచ్చబడ్డాయి. పిల్ల అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు తలుపు తీశారు. మా ఆవిడ మాత్రం చేపని చూడలేదు, చపాతీ కర్రని చూసింది.

అసలు గొడవ వేరే ఉంది. పిల్ల మాసబ్‌ట్యాంక్ దగ్గరి ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చేరతానంటోంది. బోడుప్పల్‌లో ఉండే మా బావమరిది వచ్చి, "ఏంది బావా, మంచిగ ఎంపీసీ చదివే పిల్లని ఆగం చేస్తవా? బొమ్మలేస్తే బువ్వ పెడ్తదా?" అన్నాడు. తప్పు పట్టలేను. బువ్వ సంగతి నాకంటే ఎవరికి తెలుసు? మా ప్రెస్సులో కొత్త మెషీన్ వచ్చాక ఇంకు ఎంత పోవాలో కంప్యూటరే చెప్తోంది. నేను వేలితో తాకి చెప్పేవాణ్ని. ఇద్దరు పాతవాళ్లని ఇప్పటికే మానిపించారు.

పిల్ల ఊరుకోలేదు. "మామయ్యా, లక్ష్మాగౌడ్ గారు మన మెదక్ జిల్లా నిజాంపూర్ ఆయన. దూరదర్శన్‌లో నౌకరీ చేసుకుంటనే ఎచింగులు చేసిండు. తర్వాత సెంట్రల్ యూనివర్సిటీల పాఠాలు చెప్పిండు, పద్మశ్రీ వచ్చింది" అంది. "అందరూ లక్ష్మాగౌడ్‌లు అయితరా బిడ్డా?" అన్నాడు వాడు. అదీ నిజమే. కానీ ఇంజనీరింగ్ చదివినవాళ్లందరికీ ఏమవుతోందో కూడా మా గల్లీలో చూస్తూనే ఉన్నా. ఈ మాట పైకి అనలేదు, వాడి కొడుకు ఏడాదిన్నరగా ఇంట్లోనే ఉన్నాడు.

చివరికి రెండు ఫారాలూ నింపాం, ఎప్‌సెట్‌దీ ఫైన్ ఆర్ట్స్‌దీ. ఫీజులకి రెండు నైట్ షిఫ్టులు ఎక్కువ చేశాను. ఇంటికి కొత్త చపాతీ కర్ర వచ్చింది, పాతది పిల్ల బల్ల కింద చేరింది. ఈ ఆదివారం మూడో రంగు ఎక్కించాలట. ఎరుపులో నూనె ఎంత కలపాలో నేను చెప్పాలట.