అక్షరాల ఆకు

మొక్కకు శోభ పువ్వేనని మనలో చాలమంది అభిప్రాయం. తోరణానికి మామిడాకు, తాంబూలానికి తమలపాకు, విస్తరికి మోదుగాకు – ఆకుకు మనము పనులు అప్పగించితిమే కాని అందాన్ని అప్పగించలేదు. ఆర్కిడ్ల విషయంలో ఈ పక్షపాతం మరీ అధికం. ఆ పేరు వినగానే పెండ్లి పందిళ్ళలోని ఊదారంగు పూలగుత్తులే స్ఫురిస్తాయి. అయితే ఆ కుటుంబంలోనే పువ్వు కొరకు గాక ఆకు కొరకు పెంచుకొనే మొక్కలు కొన్ని ఉన్నవి. వాటిని ఆంగ్లేయులు ‘జ్యువెల్ ఆర్కిడ్లు’ అన్నారు; మేము రత్నపర్ణులు అంటాము. వాటిలో మా మనస్సును దోచినది మేకోడిస్ ప్రజాతి.

మలయా, సుమత్రా, జావా, బోర్నియో మొదలుకొని న్యూగినీ దాటి పసిఫిక్ దీవుల వరకు ఈ ప్రజాతి వ్యాపించి ఉన్నది. చెట్లపై ఎగబ్రాకే ఆర్కిడ్ల వలె గాక, ఇది అడవి నేలపై కుళ్ళిన ఆకుల నడుమ, ఎండ సోకీ సోకని చీకటిలో ప్రాకుతుంది. పువ్వులు చిన్నవి, గోధుమ ఎరుపువి. ఎవరూ తలత్రిప్పి చూడరు. మేకోడిస్ పేటోలా అనే జాతి ఆకు మాత్రం ముదురాకుపచ్చని మఖమలు. పైపొరలోని కణాలు ఒక్కొక్కటి గుమ్మటము వలె ఉబ్బి ఉండుటచేత ఆ మెత్తని నిగనిగ కలుగుతుంది. ఆ మఖమలుపై బంగారు ఈనెలు జరీపోగుల వలె అల్లుకొని ఉంటాయి.

మేము దీనిని మొదట చూచినది ఒక మిత్రుని ఇంట, మూతగల గాజుజాడీలో. వెంట మా మామూజాన్ కూడ ఉన్నారు. టార్చిలైటు వేయగానే ఈనెలు తళుక్కుమన్నవి. ఆయన కళ్ళజోడు సవరించుకొని, “నస్తాలీఖ్ కాదు బేటా, ఎవరో తొందరలో వ్రాసిన షికస్తా” అన్నారు. ఎడమనుండి చదువవలెనో, కుడినుండి చదువవలెనో మాకు తోచలేదు. రెండు లిపులూ నేర్చిన ఇంటివారికి ఇది చిన్న సమస్య కాదు!

మామూజాన్‌కు తోచినదే పశ్చిమ జావాలోని సుందా ప్రజలకు ఎన్నడో తోచినది. వారు ఈ మొక్కను ‘కి అక్సర’ అంటారు. ‘కి’ అనునది వారు మొక్కల పేర్లకు ముందు చేర్చే మాట. ‘అక్సర’ మన అక్షరమే. ఈ ఆకురసం కంటిలో పిండితే చక్కగా వ్రాయు నేర్పు అబ్బునని అక్కడ ఒక నమ్మకం ఉండేది. పరీక్షల దినాలలో మన విద్యార్థి మిత్రుల చెవిని ఈ సంగతి పడకుండుట మేలు.

‘పేటోలా’ అను పేరు మరింత దగ్గరిది. అది గుజరాతులోని పాటన్ పటోలా పట్టువస్త్రం పేరు. పడుగును, పేకను రెంటినీ నేయకమునుపే ముడులు కట్టి రంగులద్దే పద్ధతి దానిది. మన పుట్టపాక తేలియా రుమాలు పద్ధతియు ఇదియే. ఓడలలో తరలివెళ్ళిన ఆ పటోలాలను ఇండోనేసియా రాజకుటుంబాలు నిధులవలె దాచుకొనేవి. అడవిలో ఆకును చూచి అక్కడివారు ఆ బట్టను తలచుకొన్నారు.

ఈ కోవలోని ఒక మొక్కను ‘పేటోలా ఆకు’ అను పేరుతోనే గ్రంథస్థం చేసినవాడు అంబోన్ దీవిలో డచ్చి కంపెనీ కొలువులోని రంఫియస్. 1670లో ఆయనకు చూపు పోయినది. 1674 భూకంపంలో భార్య, కుమార్తె మరణించారు. 1687 అగ్నిప్రమాదంలో చిత్రాలు దగ్ధమైనవి. 1692లో వ్రాతప్రతిని తీసుకొనిపోయే ఓడను ఫ్రెంచివారు ముంచివేశారు. నకలు ఒకటి మిగిలి ఉండుటచేత గ్రంథం దక్కినది. ఆయన 1702లో కన్నుమూశాడు. గ్రంథం 1741లో గాని వెలువడ నారంభించలేదు. చూపులేనివాడు పరుల కన్నులతో చూచి, పరుల చేతులతో వ్రాయించిన పుటలవి. ఆ ఆకురసం కథ చదివినప్పుడెల్ల మాకు ఈయనయే జ్ఞప్తికి వస్తాడు.

ఇంత చదివిన పిమ్మట ఒక మొక్క కొనవలెనని బుద్ధి పుట్టుట సహజమే. అమ్మకందారు ఒకడు, “ఇది సీసాలో పెంచినది కాదు సార్, అసలైన అడవి సరుకు” అని గొప్పగా చెప్పాడు. ఆ మాటతో మా చేయి వెనుకకు వచ్చినది. ఆర్కిడ్ గింజ ధూళికణమంత. దానిలో తిండి నిలువ ఉండదు. నేలలోని శిలీంధ్రం ఆసరా దొరికితేనే మొలక బ్రతుకుతుంది. ఆకు కొరకు కోరే మొక్కను పువ్వు తెంపినట్లు తెంపుటకు వీలులేదు, మొక్కనే పెకలించవలెను. తైవానులో దీని దాయాది అనెక్టోకైలస్‌ను ‘ఔషధరాజు’ అని పిలిచి, మందు కొరకు అడవులలో వెదకి వెదకి త్రవ్వుకొన్నారు. బిరుదులు కూడ ప్రాణం మీదికి తెస్తాయి కాబోలు. 1975లో అమలులోకి వచ్చిన సైటీస్ ఒడంబడికలో ఆర్కిడ్ కుటుంబమంతయు చేరియున్నది. ఐనను అడవిలో పెకలించే చేతిని కాగితం ఆపుట అరుదు.

ప్రయోగశాలల సీసాలలో పెంచిన రత్నపర్ణులు నేడు లభిస్తున్నవి. మా వేసవి గాలికి అవి తెరచిన కుండీలో నిలువవు. తేమగల మూతగాజుపెట్టె, కిటికీకి ఎడంగా పలుచని వెలుతురు కావలెను. వృక్షశాస్త్ర ప్రయోగశాల ఉత్తరపు గోడవద్ద అట్టి పెట్టెకు చోటున్నది. కళాశాల సంఘంవారు అనుమతించినచో మొదటి సీసామొక్క ఖర్చు మేమే భరించగలము.