డాక్టరుగారి జీపుకి ఏ గ్యాస్కెట్?

పాత జీపుకి హెడ్ గ్యాస్కెట్ కావాలని స్పేర్ పార్టుల షాపులో అడిగితే మొదట వినిపించే ప్రశ్న "ఏ బండికండీ?" అనే. కొత్త కారుకైతే ఆ ప్రశ్న చాలు. మోడలూ, సంవత్సరమూ చెబితే కంప్యూటర్లో నంబరు చూసి చేతిలో పెట్టేస్తారు. అరవై ఏళ్లనాటి జీపు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ ప్రశ్నతోనే చిక్కు మొదలవుతుంది. అక్కడ అడగాల్సింది "ఏ ఇంజనుకి?" అని. ఈ చిన్న తేడా తెలుసుకోవడానికి నర్సీపట్నంలో ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారికి మూడు నెలలు పట్టింది.

జీపు ఆయన నాన్నగారిది. ఆ పెద్దాయన డాక్టరు. లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లి వైపు ఊళ్లకి దాని మీదే తిరిగేవారు. నెలలు నిండిన ఆడవాళ్లని వెనకసీట్లో పడుకోబెట్టి కిందికి దించిన బండి. ఆ చుట్టుపక్కల దానికి వేరే పేరు లేదు, 'డాక్టరుగారి జీపు' అంతే. ఆయన పోయాక షెడ్డులో పడుంది. ఏడాదికోసారి సంక్రాంతికి కడిగి, బొట్టు పెట్టి, కొండ దాకా వెళ్లి రావడం మాస్టారికి అలవాటు.

అలా వెళ్లిన ఓ సంక్రాంతికే ఘాట్ మధ్యలో టెంపరేచర్ సూది చివరికంటా పోయింది. ఎలాగో ఇంటికి చేర్చారు. మర్నాడు చల్లారాక మూత తీసి, మళ్లీ స్టార్టు చేస్తే రేడియేటర్లో నీళ్లు బుడబుడమని బుడగలు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ. డిప్‌స్టిక్ బయటికి లాగి చూస్తే దానికంటుకున్న ఆయిలు పాలెక్కువైన టీ రంగులో ఉంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

బెంగళూరులో ఉన్న కొడుకు ఫోన్లో "అమ్మేద్దాం నాన్నా, పాతినుముకి ఎంతొస్తే అంత" అన్నాడు. ఎనభై నాలుగేళ్ల అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది, "అది మళ్లీ కొండెక్కుతుందంటావురా?" అని.

కుక్కర్ గ్యాస్కెట్ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. మూడు లీటర్ల కుక్కర్ది అయిదు లీటర్ల దానికి పట్టదు. హెడ్ గ్యాస్కెట్ పనీ అలాంటిదే, కాకపోతే బాధ్యత ఎక్కువ. ఇంజను బ్లాకుకీ, దాని మీద కూర్చునే హెడ్డుకీ మధ్య పరిచే పల్చటి రేకు ఇది. సిలిండర్లో మంట, దాని చుట్టూ తిరిగే నీళ్లు, కొన్ని ఇంజన్లలో పైకెక్కే ఆయిలు... ఇవి ఒకదాన్నొకటి ముట్టుకోకుండా కాపలా కాయాలి. కాపలా తప్పిందంటే నీళ్లు ఆయిల్లో కలిసి బేరింగులు అరిగిపోతాయి. వేడికి హెడ్డు వంగుతుంది. మొండిగా నడిపితే బ్లాకు పగిలిపోవచ్చు. గ్యాస్కెట్ ఎక్కడో చోట దొరుకుతుంది. అంత పాత బ్లాకు పగిలితే ఇంకోటి ఎక్కడ తెస్తాం? మాస్టారి భయమంతా అదే.

బానెట్ ఎత్తుగా, పెట్టెలా ఉంటుంది కాబట్టి ఆ జీపు సీజే-3బీ అని చిన్నప్పటి నుంచీ ఆయనకి తెలుసు. విశాఖపట్నంలో ఓ షాపుకి ఫోన్ చేసి ఆ పేరే చెప్పారు. నాలుగు రోజుల్లో గ్యాస్కెట్ వచ్చింది. దాన్ని మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన కవరులోంచి సగం తీసి మళ్లీ లోపలికి తోసేశాడు.

"ఇది మీ ఇంజనుది కాదు మాస్టారూ."

"సీజే-3బీ దే కదా?"

"బండి సీజే-3బీయే. ఇంజను కాదు."

ఈ మాట అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిపి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. ఒకే డిజైను, ఒకే ఇంజను. దాని ముద్దుపేరు 'గో డెవిల్'. 134 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 2,199 సీసీ. 60 హార్స్ పవర్. ఇందులో వాల్వులన్నీ సిలిండర్ల పక్కనే, బ్లాకులోనే ఉంటాయి. హెడ్డు అంటే దాదాపు ఓ మందపాటి మూతే. ఎల్-హెడ్ అంటారు దీన్ని. మన దేశంలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టింది 1947లో.

తర్వాత విల్లీస్ ఇంజనీర్లు అదే బ్లాకు కొలతలు ఉంచి, ఇన్‌లెట్ వాల్వుల్ని మాత్రం పైకి, హెడ్డులోకి తీసుకెళ్లారు. పవర్ 70 దాటింది. ఇది ఎఫ్-హెడ్, పేరు 'హరికేన్'. హెడ్డు ఎత్తు పెరిగింది కాబట్టి బానెట్ కూడా పెంచాల్సి వచ్చింది. అమెరికాలో 1953లో వచ్చిన సీజే-3బీకి ఆ ఎత్తు ముక్కు అలా వచ్చిందే. మహీంద్రా వాళ్లు ఇక్కడ దశాబ్దాలపాటు తయారుచేసిందీ ఆ రూపాన్నే.

అసలు తిరకాసు ఇక్కడుంది. రెండు ఇంజన్లూ 134లే. రెండింటి బోరూ 3 1/8 అంగుళాలే, స్ట్రోకూ 4 3/8 అంగుళాలే. కాగితం మీద కవలపిల్లలు. గ్యాస్కెట్లు మాత్రం వేరు. ఎల్-హెడ్ గ్యాస్కెట్లో ఒక్కో పెద్ద కంత సిలిండర్‌నీ, దాని పక్కనున్న రెండు వాల్వుల్నీ కలిపి చుట్టుకుని ఉంటుంది. ఎఫ్-హెడ్ దాంట్లో సిలిండరూ, ఒక్క ఎగ్జాస్ట్ వాల్వూ మాత్రమే. పైగా ఇన్‌లెట్ వాల్వుల్ని ఆడించే పుష్ రాడ్లు పైకి వెళ్లడానికి విడిగా కంతలుంటాయి. ఒకదాని బదులు ఇంకోటి వేయడం కుదిరే పని కాదు.

బయటి నుంచి గుర్తుపట్టడం మేస్త్రీకి క్షణం పని. హెడ్డు పలకలా చదునుగా ఉండి, నెత్తిన నాలుగు ప్లగ్గులు నిలబడి ఉంటే ఎల్-హెడ్. పైన రేకు కవరు, హెడ్డు మీదే కార్బొరేటర్ కూర్చుని ఉంటే ఎఫ్-హెడ్. ఈ రెండో రకానికి ఇంకో కితకిత ఉంది. హెడ్డు బోల్టుల్లో ఒకటి కార్బొరేటర్ కింద దాక్కుని ఉంటుంది. అది తెలియనివాళ్లు మిగతావన్నీ ఊడదీసి, హెడ్డు రావట్లేదని గడ్డపార పెట్టి లేపి, హెడ్డునే పగలగొట్టిన కథలున్నాయి.

మరి ఎత్తు బానెట్ కింద పొట్టి ఇంజను ఎలా వచ్చింది? జవాబు నాన్నగారి పాత లెక్కల పుస్తకంలో దొరికింది. మందుల ఖర్చులకీ, పెట్రోలుకీ మధ్య ఒక్క వరుస: 'మిలిటరీ వేలం ఇంజను, మార్పిడి'. ఆర్సీ పుస్తకంలో కొత్త ఇంజను నంబరైతే ఎక్కించారు కానీ అది ఎల్-హెడ్డో ఎఫ్-హెడ్డో నంబరు రాసినవాళ్లకెందుకు? అప్పట్లో కొండమీద బండి ఆగితే దొరికిన ఇంజను వేసుకుని కదిలేవారు. పాత జీపుల్లో అసలు గుండెతో ఉన్నది అరుదు. పెట్రోలు ధర చూసి డీజిల్‌కి మారినవైతే లెక్కలేనన్ని.

ఆ డీజిళ్ల సంగతి తల్చుకుంటే మాస్టారి సమస్య చిన్నదే. మహీంద్రా జీపుల్లో వచ్చిన పెజో డీజిల్ పేరు ఎక్స్‌డీపీ 4.90. నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు, 2,112 సీసీ. ఆ తర్వాత ఎక్కువగా కనిపించే ఎండీఐ ఇంజన్, ట్రాక్టర్ ఇంజన్ల వంశం, బోరు 88.9, 2,523 సీసీ. బోర్ల తేడా ఒక మిల్లీమీటరు పైచిలుకు. కంటికి ఆనదు. బోరు కొలిచి, "దగ్గరగానే ఉందిలే" అని ఒకదాని గ్యాస్కెట్ మరోదానికి తెచ్చుకున్నవాడి పని అంతే. చాలా డీజిళ్లలో మందం గొడవ కూడా ఉంది. పిస్టన్ పైకొచ్చినప్పుడు బ్లాకు అంచు దాటి ఎంత పొడుచుకొస్తుందో డయల్ గేజితో కొలిచి, దాన్నిబట్టి పల్చటిదో మందపాటిదో ఎంచుకోవాలి. గ్యాస్కెట్ అంచున కోసిన చిన్న గాట్లో, చిల్లులో ఆ మందాన్ని చెబుతాయి. ఆ గాట్లని డిజైను అనుకునేవాళ్లే ఎక్కువ. సైన్యం వదిలేసిన జోంగాలు వేలంలో కొనుక్కున్నవాళ్లది మరో దారి. అది జబల్‌పూర్‌లో తయారైన నిస్సాన్ పెట్రోల్ నమూనా బండి. ఆరు సిలిండర్లు, 3,956 సీసీ. జీపుల షాపులో దాని గ్యాస్కెట్ అడిగితే మొహం చూస్తారు.

రెండోసారి మాస్టారు జాగ్రత్తగా 'ఎల్-హెడ్' అనే చెప్పి తెప్పించారు. రూపం సరిపోయింది. ఈలోగా మేస్త్రీ హెడ్డు ఊడదీసి ఉంచాడు. కొత్త గ్యాస్కెట్ని బ్లాకు మీద పరిచి, సిలిండర్ల చుట్టూ వేలు పోనిచ్చాడు. మూడో సిలిండర్ దగ్గర వేలు ఆగింది. రేకు అంచు నెలవంకలా లోపలికి తొంగి చూస్తోంది.

ఎక్కడో చేత్తో కోసి అమ్మిన సరుకది. అలా లోపలికి వచ్చిన అంచు మంటలో ఎర్రగా కాలి, ప్లగ్గు వెలగకముందే పెట్రోలుని అంటించేస్తుంది. కొన్నాళ్లకి అదే కాలిపోయి మళ్లీ మొదటికొస్తుంది. పైగా ఈ ఇంజను బోరు ఒకసారి పెద్దది చేయించారు. వెర్నియర్ పెట్టి చూస్తే 80.1 మిల్లీమీటర్లు ఉంది. అసలు కొలత 79.4. అంటే ముప్ఫై థౌ ఓవర్‌సైజ్. బోరు పెరిగిన ఇంజనుకి గ్యాస్కెట్ కంత ఇంకా ఖాళీ ఇవ్వాలి గానీ తగ్గకూడదు.

మాస్టారికి వేరే అనుమానం వచ్చింది. బ్లాకులో ఉన్న కొన్ని నీళ్ల దారులకి గ్యాస్కెట్లో కంతే లేదు, కొన్నిటికి చిన్నది ఉంది. "ఇదీ తప్పేనా?" అన్నారు.

"అది తప్పు కాదు. అది కావాలనే" అన్నాడు మేస్త్రీ.

ముందు సిలిండర్ల దగ్గర దారి ఇరుకు చేస్తేనే నీళ్లు వెనక సిలిండర్ల దాకా వెళ్తాయి. పొలానికి నీళ్లు పెట్టేవాడు మొదటి మడికి గండి చిన్నదిగా కొట్టడం లాంటిదే. ఇది తెలియక గ్యాస్కెట్ కంతల్ని ఉలితో పెద్దవి చేసి, ఆనక వెనక సిలిండర్ ఎందుకు మాడుతోందో తెలియక తల పట్టుకునేవాళ్లున్నారు. ఎదురుగా కంత లేకపోవడం ఒక్కోసారి సరైనదే. కానీ గ్యాస్కెట్లో కంత ఉండి ఎదురుగా గట్టి ఇనుము ఉన్నా, బోల్టు కంత ఏ కొంచెం పక్కకి జరిగినా అనుమానించాల్సిందే. నిర్ణయించడానికి పాత గ్యాస్కెట్‌ని మించిన సాక్షి లేదు. అందుకే ఊడదీసినదాన్ని కొత్తది బిగించేదాకా పారేయకూడదు. మాస్టారిది రెండు ముక్కలైనా దాచి ఉంచారు.

మూడోసారి షాపుకి పేరు కాదు, అచ్చు పంపారు. తుడిచిన హెడ్డు మీద డ్రాయింగ్ కాగితం పరిచి, కదలకుండా పట్టుకుని, పెన్సిలు పడుకోబెట్టి రుద్దితే ప్రతి కంతా, ప్రతి అంచూ నల్లగా తేలింది. చిన్నప్పుడు రూపాయి నాణెం మీద కాగితం పెట్టి రుద్దడం ఎవరు చేయలేదు? బ్లాకుకీ అలాగే ఇంకోటి. జిరాక్స్ తీస్తే కొలత మారే ప్రమాదముందని అసలు కాగితాన్నే కొరియర్ చేశారు. ముందుగా వాట్సాప్‌లో ఫోటో, పక్కన స్టీలు స్కేలుతో. కింద బోరు కొలత. బ్లాకు ముందువైపు వాటర్ పంపు వెనకాల చెక్కి ఉన్న ఇంజను నంబరు. ఇవన్నీ విజయవాడ ఆటోనగర్‌లో పాత జీపుల సామాన్లు అమ్మే ఒకాయనకి వెళ్లాయి. అచ్చు మీద పెట్టి చూసి పంపడంతో ఈసారి వచ్చింది అతికినట్టు సరిపోయింది.

ఆపైన పని తొందరగానే అయింది. కొన్ని జాగ్రత్తలు మాత్రం చెప్పుకోవాలి. పాత గ్యాస్కెట్లలో రాగి రేకుల మధ్య ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని పొడి ఊపిరితిత్తులకి చేటు. అందుకని పొడిగా గీకకుండా తడిపి తీసి, తడిగుడ్డతో తుడవాలి. హెడ్డు వంగిందేమో తిన్నటి పట్టీ, ఫీలర్ గేజి పెట్టి చూశారు. మధ్యలో కొద్దిగా పల్లం. లేతు షాపులో సన్నగా చెక్కించారు. ఎల్-హెడ్ దాన్ని మరీ చెక్కితే వాల్వులు పైకి లేచినప్పుడు హెడ్డుకి కొట్టుకుంటాయి. కాబట్టి చదును కావడానికి ఎంత కావాలో అంతే. నట్లు మధ్య నుంచి మొదలుపెట్టి రెండువైపులకీ, మూడు విడతలుగా టార్క్ రెంచితో బిగించారు.

ఇంజను వేడెక్కేదాకా నడిపి, రాత్రంతా చల్లారనిచ్చి, తెల్లారి నట్లు మళ్లీ ఒకసారి చూసుకున్నారు. రెండు మూడు పావు వంతు తిరిగాయి. రేడియేటర్లో బుడగ లేదు. ఆయిలు మార్చాక డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంది. ఆ ఆదివారం అమ్మని ముందుసీట్లో కూర్చోబెట్టుకుని లంబసింగి దాకా వెళ్లొచ్చారు. ఘాట్‌లో సూది సగం దగ్గరే ఆగింది. దారి పొడుగునా ఆవిడ సూదిని చూడనేలేదు, దాన్ని చూసింది మాస్టారే.

తిరిగొచ్చాక మేస్త్రీ బానెట్ లోపలివైపు తెల్ల పెయింటుతో 'ఎల్ హెడ్. 30 ఓవర్‌సైజ్' అని రాశాడు. పెన్సిలు అచ్చు కాగితాల్ని మాస్టారు ఆర్సీ పుస్తకంలో పెట్టారు. పోయినసారి వచ్చినప్పుడు కొడుకు వాటిని ఫోన్లో ఫోటో తీసుకున్నాడు, పక్కన స్కేలు పెట్టి మరీ.